చార్జ్ లిస్టులో వాగు నీళ్లు కూడా రాయండి

తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి, ఉత్తర తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి

నమస్కారం.

నేను లోకల్ ఫండ్ ఆడిట్ అని జనం పిలిచే శాఖలో చేరి, ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే ప్రాంతంలో పంచాయతీల, మండల పరిషత్తుల, మునిసిపాలిటీల పుస్తకాలు చూసి రిటైరైన వాణ్ని. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. నెలకు రెండుసార్లు కరీంనగర్ వైపున్న మా ఊరికి పోయి వస్తాను. ఈ ఉత్తరం ఆ రాకపోకల్లో పుట్టింది.

1990లలో ఒక ఎండాకాలం ఒక గ్రామ పంచాయతీ ఆడిట్‌కు వెళ్లాను. బ్లీచింగ్ పౌడర్ కొన్నట్టు క్యాష్ బుక్‌లో 340 రూపాయలు ఖర్చు రాసి ఉంది. వోచర్ లేదు. అబ్జెక్షన్ రాశాను. సర్పంచ్ పెద్దాయన. "సార్, నా చేతులతోనే బాయిల కలిపిన, వస్తే చూపిస్త" అన్నాడు. నేను బావి దాకా పోలేదు. వోచర్ చూడటమే నా పని అనుకున్నాను. ఆ పారా, అంటే ఆ ఆడిట్ అభ్యంతరం, డ్రాప్ కావడానికి ఆరేళ్లు పట్టింది. పదవి దిగాక కూడా ఆయన ఆ 340 రూపాయల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ ఆరేళ్లలో ఆ బావి నీళ్లలో క్లోరిన్ ఉందా లేదా అని నేను అడగలేదు, నా తర్వాత వెళ్లినవాళ్లూ అడగలేదు. ఇన్నేళ్ల తర్వాత నన్ను కలవరపెడుతున్నది ఆ వోచర్ కాదు, నేను చూడకుండా వచ్చేసిన ఆ బావి.

మీకు నా విన్నపం ఇది. ఒక కలెక్టర్ గానీ, కాలుష్య నియంత్రణ మండలిలో ఒక పర్యావరణ ఇంజినీర్ గానీ తమ పోస్టింగ్ వదిలి వెళ్లేటప్పుడు, వాళ్లున్న కాలంలో ఆ జిల్లా నీళ్లు, గాలి, నేల ఏమయ్యాయో ఆడిట్ జరగాలి. వచ్చిన రోజు ఎట్లా ఉన్నాయి, పోయే రోజు ఎట్లా ఉన్నాయి అన్నది రాతలో ఉండాలి. నేనడిగేది ఫ్యాక్టరీల ఆడిట్ కాదు. అధికారి పదవీకాలం ఆడిట్. అది మొదలైతేనే మన మిల్లులు, ఫ్యాక్టరీలు కొత్త యంత్రం వైపు, కొత్త పద్ధతి వైపు చూస్తాయని నమ్ముతున్నాను.

మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. ధాన్యాన్ని వేడి నీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. కిలో ధాన్యానికి సుమారు లీటరు నీళ్లు బయటికొస్తాయి. చాయ్ రంగులో ఉండి, పులిసిన కుడితి వాసన కొడతాయి. అందులో ఉన్నది విషం కాదు, గింజలోంచి దిగిన పిండి, చక్కెర. కానీ ఆ నీళ్లు ఒర్రెలో, అంటే చిన్న వాగులో, పడగానే సూక్ష్మజీవులు ఆ పిండిని తింటూ నీటిలోని ప్రాణవాయువునంతా లాగేస్తాయి. యాసంగి ధాన్యం ఆడే రోజుల్లో మా కుంట మత్తడి (అలుగు) కింద చేపపిల్లలు నోళ్లు తెరిచి నీటి మీదికి వస్తాయి. రెండో రోజుకు తెల్లగా తేలతాయి.

ఇక పొగ. బాయిలర్‌లో కాల్చేది ఊక. వంద కిలోల ధాన్యంలో సుమారు ఇరవై కిలోలు ఊకే. అది కాలితే నాలుగు కిలోల దాకా బూడిద మిగులుతుంది. పొగగొట్టానికి సరైన వడపోత లేకపోతే అందులో కొంత ఊరి మీదికి వస్తుంది. నిరుడు సంక్రాంతికి మా చిన్నమ్మ వాకిట్లో తెల్లబట్ట పరిచి సకినాలు చుట్టింది. కాసేపు ఆరనిచ్చి నూనెలో వేయబోతూ ఆగిపోయింది. పిండి మీద నల్లచుక్కలు. నువ్వు గింజలేమో అని ఒకదాన్ని వేలితో నొక్కి చూసింది. నువ్వు గింజ నలగదు కదా, అది నలిగి వేలికి మసి అంటింది. ఆమె ఏమీ అనలేదు. ఆ బట్ట నాలుగు కొసలూ పట్టి ఎత్తి, అన్నీ బర్రె ముందు పోసింది. పొద్దుటి నుంచీ కూర్చొని చుట్టినవి.

ఆ మిల్లు యజమాని చెడ్డవాడు కాదు. నా బడి దోస్తు తమ్ముడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. నేను కోపంతో వెళ్తే కూర్చోబెట్టి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. రెండేళ్ల కింద తమిళనాడు పోయి అక్కడి ఒక మిల్లు చూసి వచ్చాడట. నానబెట్టిన నీళ్లను మూసి ఉన్న ట్యాంకులోకి పంపితే, గాలి తగలకుండా పులిసి గ్యాస్ వస్తుంది. ఆ గ్యాస్ మళ్లీ మంటకే పనికొస్తుంది. మిగిలిన నీళ్లను ఇంకోసారి శుద్ధి చేసి చెట్లకు పెడుతున్నారు. కొటేషన్ కూడా తెప్పించుకున్నాడు. మరి ఎందుకు పెట్టలేదని అడిగాను.

"పెడదామనే ఉండె అన్నా. కానీ అడిగేటోడెవ్వడు? వచ్చిన సారు సీఎఫ్‌ఓ, అదే మిల్లు నడిపే పర్మిషన్, రెన్యువల్ ఐందా అంటడు, కాగితం చూస్తడు, పోతడు. పక్క మిల్లాయన ఏం పెట్టకపాయె. సర్కారు వడ్లు ఆడిచ్చినందుకు ఇద్దరికీ ఇచ్చే రేటు ఒక్కటే. నేనొక్కన్ని పెడితే నేనొక్కన్నే మునుగుత."

అయ్యా, ఈ మాటల్లోనే అంతా ఉంది. ఆయనకు తెలివి ఉంది, చూసి వచ్చే ఓపిక ఉంది, అప్పు పుట్టే పరపతి ఉంది. కొత్త పద్ధతి పెట్టినవాడికి నష్టం, పెట్టనివాడికి లాభం అయ్యే ఏర్పాటులో ఆయన తెలివి మూలకు పడింది. మిల్లులో ఏం జరగాలో తేల్చేది చివరికి గేటు దగ్గరికి వచ్చిన అధికారి అడిగే ప్రశ్న. ఆ అధికారిని తన పైవాళ్లు అడిగేది కాగితం గురించే అయితే, ఆయనా మిల్లులో కాగితమే అడుగుతాడు. నేను వోచర్ అడిగినట్టు.

మా ఊరివాళ్లు ఫిర్యాదు ఇవ్వకుండా ఊరుకోలేదు. ఇచ్చారు. ఆ ఫిర్యాదు ముగ్గురు అధికారుల చేతులు మారింది. ప్రతి ఒక్కరూ మర్యాదగానే మాట్లాడారు. "నేను కొత్తగా వచ్చాను, ఫైల్ చూస్తాను" అన్నారు. ఫైల్ చూసే లోపు బదిలీ. వాళ్లలో ఎవరూ లంచగొండులని నేను అనడం లేదు. వాళ్లు వచ్చేనాటికి ఒర్రె ఎట్లా ఉందో రాసిన కాగితం లేదు, పోయేనాటికి రాసిందీ లేదు. కాబట్టి ఎవరి కాలంలో ఏం చెడిందో చెప్పే దిక్కు లేదు. టేబుళ్లు, కుర్చీలు, జీపు, రికార్డు గది తాళంచెవులు మాత్రం పదవి చేతులు మారేటప్పుడు రాసే చార్జ్ లిస్టులో వరుసగా ఉంటాయి. కుర్చీ ఒకటి తగ్గితే సంజాయిషీ ఇవ్వాలి.

చట్టాలు లేక కాదు. ఫ్యాక్టరీలు ఏటా సెప్టెంబరు 30 లోపు పర్యావరణ నివేదిక ఇవ్వాలని 1990ల మొదటి నుంచే నిబంధన ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం పర్యావరణ ఆడిట్ నియమాలు తెచ్చింది, రిజిస్టరైన ఆడిటర్లు రాబోతున్నారు. కాగ్ పర్యావరణం మీద పనితీరు ఆడిట్లు చేస్తుంది. జైపూర్‌లో దానికోసం ఒక అంతర్జాతీయ శిక్షణ కేంద్రమే నడుపుతోంది. జిల్లా పర్యావరణ ప్రణాళికలు తయారు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. ఇవన్నీ ఫ్యాక్టరీని చూస్తాయి, లేదా శాఖను చూస్తాయి. కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చేసరికి ఆ కాలపు అధికారి రెండు జిల్లాలు దాటి ఉంటాడు. పదవిలో ఉన్న మనిషికీ, ఆయన కాలంలో పారిన నీటికీ ముడి వేసే కాగితం మాత్రం ఎక్కడా లేదు.

చైనాలో ఆ ముడి వేశారు. అక్కడ ఎంతోకాలం జిల్లా, నగర నాయకులకు పైమెట్టు దొరకాలంటే ఉత్పత్తి అంకెలు పెరగాలి. నది నల్లబడినా ఫర్వాలేదు. 2013 నవంబరులో అక్కడి కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశం ఆ లెక్క మార్చాలని నిర్ణయించింది. పదవి దిగే నాయకుడి హయాంలో భూమి, నీరు, అడవి, ఖనిజం, గాలి ఏ స్థితికి చేరాయో ఆడిట్ చేయాలన్నారు. 2015 నుంచి కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2017లో నియమాలు రాసి, 2018 నుంచి దేశమంతటికీ మామూలు పద్ధతి చేశారు. అన్ని ప్రాంతాల్లో ఒకేసారి మొదలుకాకపోవడం పరిశోధకులకు కలిసొచ్చింది. ఆడిట్ ఉన్న చోట ఉక్కు, సిమెంటు, రసాయనాల కంపెనీలు ఏం చేశాయి, లేని చోట ఏం చేశాయి అని పోల్చి చూశారు. ఆడిట్ వచ్చిన చోట్ల ఎక్కువ కాలుష్యం చేసే కంపెనీల హరిత పేటెంట్లు పెరిగాయని ఇట్లాంటి పరిశోధనలు చెబుతున్నాయి. ఆడిట్ చేసింది కంపెనీలను కాదు, వాటి మీద కూర్చున్న అధికారులను. మార్పు మాత్రం కంపెనీ ప్రయోగశాలలో కనిపించింది. తన పేరు మీద పారా పడుతుందని తెలిసిన అధికారి ఒక చేత్తో నిఘా బిగిస్తాడు, ఇంకో చేత్తో శుద్ధి యంత్రాలకు సాయం ఇప్పిస్తాడు. రెండూ కలిస్తే మిల్లాయన ఫోన్‌లోని ఫొటో మిల్లులోకి వస్తుంది.

ఇదంతా మనకు చైనా చెప్పాల్సిన పని లేదనుకోండి. హరితహారం మొక్కలు గుర్తు తెచ్చుకోండి. నాటినవాటిలో 85 శాతం బతకకపోతే సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి బాధ్యులని 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు ఊరూరా చెప్పారు. ఆ బాధ్యత మెడకు పడగానే ఏమైంది? అంతకుముందు ఎన్నడూ లేనిది ప్రతి పంచాయతీకి ట్రాక్టరు వచ్చింది, ట్యాంకరు వచ్చింది, మొక్క చుట్టూ ముళ్లకంప లేకుంటే ట్రీ గార్డు వచ్చింది, ఊళ్లోనే నర్సరీ పెట్టారు. రోడ్డు పక్క చెట్లు ఇవ్వాళ నీడ ఇస్తున్నాయి. ఒక చిన్న సర్పంచ్ మీద పెట్టిన బాధ్యత అంత పని చేసింది. మొక్క ఎండితే సర్పంచ్‌ను అడిగే సర్కారు, చెరువు చస్తే ఎవరినీ అడగదా?

ఆ అనుభవంలోనే రెండో పాఠమూ ఉంది, దాన్ని దాచను. తనిఖీ రేపనగా ఈ రాత్రి ఎండిన మొక్క పీకి పచ్చది పాతడం నేను కళ్లారా చూశాను. అధికారుల ఆడిట్‌కూ ఆ తెగులు పట్టగలదు. చైనాలో తనిఖీ బృందం వస్తోందంటే, పొగ తగ్గించే యంత్రం పెట్టే బదులు ఊళ్లోని కార్ఖానాలన్నిటికీ ఒకేసారి తాళాలు వేయించారు. తప్పు చేసినవాడూ, చేయనివాడూ ఒకే గాటన. చివరికి 2018లో అక్కడి పర్యావరణ మంత్రిత్వ శాఖే అట్లా చేయొద్దని ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. పేటెంట్ల సంగతీ అంతే. అక్కడ లోతైన పరీక్ష లేకుండా దొరికే చిన్నరకం పేటెంటు ఒకటి ఉంది. పేటెంట్ల లెక్క పెరిగినంత మాత్రాన చిమ్నీ పొగ తగ్గినట్టు కాదు. మన దగ్గర ఇది పెడితే మిల్లులు మూయించిన అధికారికి మార్కులు పడకూడదు. మూసిన మిల్లులో పనిచేసే హమాలీలు, బీహార్ నుంచి వచ్చిన కూలీలు ఎక్కడికి పోతారు? మిల్లు నడుస్తూ, నీళ్లు బాగుపడితేనే మార్కులు పడాలి.

ఇంకో సంగతి, ఆడిటర్‌గా నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆడిటర్‌కు జీతం ఎవరిస్తారు? గుజరాత్‌లో 1996 నుంచి ఫ్యాక్టరీలకు పర్యావరణ ఆడిట్ ఉంది. మొదట్లో ఆడిటర్‌ను ఎంచుకున్నదీ, డబ్బులిచ్చిందీ ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య మండలితో కలిసి 2009 నుంచి 2011 దాకా 473 ఫ్యాక్టరీల మీద ఒక ప్రయోగం చేశారు. పాత పద్ధతిలో ఆడిటర్లు ధూళి పరిమితి దాటినట్టు రాసింది 7 శాతం ఫ్యాక్టరీలనే. మళ్లీ పోయి కొలిస్తే నిజంగా దాటినవి 59 శాతం. సగం ఫ్యాక్టరీలకు చీటీ వేసినట్టు ఆడిటర్‌ను కేటాయించి, ఫీజు ఒకే నిధి నుంచి ఇచ్చి, కొన్నింటిని వేరేవాళ్లతో మళ్లీ కొలిపించారు. అబద్ధాలు బాగా తగ్గాయి. రాత నిజమయ్యాక ఆ ఫ్యాక్టరీలు కాలుష్యమూ తగ్గించుకున్నాయి. కాబట్టి కలెక్టర్ పదవీకాలం ఆడిట్ చేసే మనిషిని కలెక్టర్ ఎంచుకోకూడదు, మిల్లర్లు ఎంచుకోకూడదు. ఆయన టీఏ బిల్లు కూడా వాళ్ల ఆఫీసులో పాస్ కాకూడదు.

గడువుకు మనిషి పేరు అంటకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన గోదావరి తీరమే చాలు. రామగుండంలో పాత ఎన్టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లు, పక్కనే కొత్తది 1,600, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణిది 1,200, భూపాలపల్లి చెల్పూరులో కాకతీయ కేంద్రం 1,100. అన్నీ కలిపి 6,500 మెగావాట్ల బొగ్గు కరెంటు ఈ నాలుగు కేంద్రాల్లోనే. పొగలోని గంధకాన్ని రెండేళ్లలో పరిమితికి తగ్గించాలని 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ నిబంధన పెట్టింది, అంటే గంధకాన్ని పట్టే యంత్రాలు పెట్టుకోవాలి. గడువు పొడిగించారు, మళ్లీ పొడిగించారు, 2025 జులైలో దేశంలోని అత్యధిక యూనిట్లకు ఆ యంత్రం అవసరమే లేదన్నారు. పదేళ్లు ఏ అధికారి ఖాతాలోనూ పడని గడువు అట్లా కరిగిపోయింది.

బూడిద సంగతి వేరుగా జరిగింది. విద్యుత్ కేంద్రాల బూడిద వాడకం మీద 1999 నుంచి ఆదేశాలు ఉన్నాయి. 2021 డిసెంబరు చివరి ఆదేశంతో వాడని ప్రతి టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం అన్నారు. టన్నుకింత అని అంకె పెట్టాక బూడిద సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు, గనుల గుంతలకు దారి వెతుక్కుంటోంది. ఆ కేంద్రాల బూడిద చెరువుల్లోని పాత బూడిద అంతా పోయిందని అనను, ఎండాకాలం గాలి లేస్తే ఆ పక్క ఊళ్ల బాధ మీకు తెలిసిందే. కానీ కొలిచిన చోట కదలిక ఉంది. అదే రామగుండం రిజర్వాయరు మీద 2022లో 100 మెగావాట్ల సౌర ఫలకలు నీళ్లపై తేలుతూ పని మొదలుపెట్టాయి. చేతకాక ఆగిన పని కాదిది.

మన మిల్లుల దగ్గరా చేతనయ్యేది చాలా ఉంది. ఊక బూడిదలో ఎనభై ఐదు శాతానికి పైగా సిలికా. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం మీద వేడి పోకుండా కప్పడానికి దాన్నే వాడతారు. మా చిన్నమ్మ సకినాల మీద పడిన నుసికి బజారులో ధర ఉంది. నానబెట్టే నీళ్లలో గ్యాస్ ఉంది. సుల్తానాబాద్, పెద్దపల్లి, జమ్మికుంట వైపు మిల్లులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పది మిల్లులకు కలిపి ఒక శుద్ధి కేంద్రం పెట్టుకోవచ్చు. వరంగల్ నిట్ ఇక్కడే 1959 నుంచి ఉంది, కాకతీయ యూనివర్సిటీ రసాయన శాస్త్రం విభాగం ఉంది. ఆ పిల్లల ప్రాజెక్టు పనులకు మా ఒర్రె ఎందుకు పనికిరాదు? గీసుగొండ, సంగెం మధ్య టెక్స్‌టైల్ పార్కు పెరుగుతోంది. బట్టల అద్దకం నీళ్లతో మిల్లు నీళ్లను పోల్చలేం. అక్కడ మొదటి రోజు నీటి లెక్క ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే పదేళ్ల తర్వాత ఎవరి దగ్గరా రుజువు ఉండదు.

ఎట్లా చేయాలో కూడా నాకు తోచింది చెబుతాను. ప్రతి జిల్లాలో వాగు, చెరువు, బోరు, చిమ్నీ ఉన్న ఊరి గాలి కలిపి కొన్ని చోట్లు ఖాయం చేయండి. వానాకాలంలో, చలికాలంలో, ఎండాకాలంలో అక్కడే నమూనా తీయించండి. కొత్త అధికారి చార్జ్ తీసుకునేటప్పుడు ఆ అంకెల మీద సంతకం పెట్టాలి, పోయేటప్పుడు కొత్త అంకెల మీద పెట్టాలి. ఆ రెండింటి తేడా ఆయన వార్షిక పనితీరు నివేదికకు చేరాలి. ఎనిమిది నెలలకే బదిలీ చేసిన అధికారిని దీనికి బాధ్యుణ్ని చేయడం అన్యాయం, కనీసం రెండేళ్లు ఉండనివ్వండి. పర్యావరణ ఇంజినీర్లకు మనుషులు, నమూనా సీసాలు, బండి లేకుండా పారాలు మాత్రం రాస్తే అదీ అన్యాయమే. ఎవరి కాలంలో నీళ్లు మెరుగుపడ్డాయో వాళ్ల పేరు కూడా అంతే గట్టిగా చదవండి.

చదవడం అంటున్నాను. ఇది సీల్డ్ కవర్లో సచివాలయానికి పోయే కాగితం కాకూడదు. 2006 నుంచి మనం ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ చేస్తున్నాం. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, మస్టర్‌లో పేరున్న కూలీనే నిలబెట్టి, నీకు డబ్బులు వచ్చాయా అని మైకులో అడుగుతాం. దేశానికి దారి చూపిన పద్ధతి అది. నేనూ కొన్నింటికి వెళ్లి కూర్చున్నాను. అక్కడ చదువురాని ఆడవాళ్లు ఏ ఆడిటర్ పట్టలేని తప్పులు పట్టారు. చెరువు మీద బతికే ముదిరాజ్ సంఘాన్ని, బట్టలుతికే వాళ్లను, మత్తడి కింద పొలమున్న రైతును అట్లాగే పిలిచి అడగండి. నీటిలోని మురికి ఎంత ప్రాణవాయువును లాగేస్తుందో చెప్పే కొలత బీఓడీ, అదంటే వాళ్లకు తెలియదు. చేపలు ఏ నెలలో తేలాయో, బోరు నీళ్ల అన్నం ఎప్పటి నుంచి వాసన వస్తోందో తేదీతో సహా చెబుతారు.

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. ముందు పెద్దపల్లి, కరీంనగర్, మంచిర్యాల, హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో పెట్టి చూడండి. వానాకాలం వడ్లు దీపావళి దాటగానే మిల్లులకు చేరతాయి. మిల్లులు ఆడటం మొదలు కాకముందు ఒక సీసా, మొదలయ్యాక నెలకు ఒక సీసా తీస్తే మొదటి లెక్క వచ్చేస్తుంది. మా కుంట దగ్గర నమూనా ఎక్కడ తీయాలో నేను చూపిస్తాను. మత్తడి కింద మూడో మెట్టు, ఎడమ చేతి వైపు, చేపపిల్లలు తేలే చోటు. మీరు పంపే మనిషి ఏ రోజు వచ్చినా హనుమకొండ బస్టాండులో నేనే ఎదురొచ్చి వెంట తీసుకుపోతాను. ఈసారి బావి దాకా నడుస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగి
హనుమకొండ